ముప్పై రోజుల రికార్డింగుకు ఎంత డిస్కు కావాలి?

మాదాపూర్‌లో మన సంస్థ నడిపే విద్యార్థి వసతిగృహంలో ఎనిమిది సీసీ కెమెరాలు ఉన్నాయి. గేటు దగ్గర రెండు, మెట్ల దగ్గర ఒకటి, వంటగది బయట ఒకటి, వరండాల్లో నాలుగు. వాటిని అమర్చిన రోజున ఆ పని చేసిన అబ్బాయి "రెండు టీబీ హార్డ్‌డిస్కు వేశాను సార్, నెల రోజుల రికార్డింగుకు ఢోకా లేదు" అన్నాడు. మేము సరేనన్నాం. బిల్లు కట్టాం. డీవీఆర్ పెట్టెను ఆఫీసు గదిలో బీరువా మీద పెట్టి, దాని సంగతే మరిచిపోయాం.

దసరా సెలవులకు పిల్లలంతా ఊళ్లకు వెళ్లారు. పది రోజుల తర్వాత తిరిగొచ్చిన ఒక విద్యార్థి తన అల్మారా తాళం పగిలి ఉండటం, లోపల లాప్‌టాప్ లేకపోవడం చూశాడు. తండ్రి అప్పు చేసి కొనిచ్చిన లాప్‌టాప్ అది. ఆ వారంలోనే అతనికి గచ్చిబౌలిలోని ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష ఉంది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం. ఎస్సైగారు మొదట అడిగిన మాట, "ఫుటేజీ ఉందా?" అని. "ఉంది సార్, నెల రోజులది ఉంది" అని ధీమాగా చెప్పాం. డీవీఆర్ తెరిచి వెనక్కి వెళ్తే, అందులో ఉన్న అన్నిటికంటే పాత రికార్డింగు ఐదున్నర రోజుల నాటిది. అంతకు ముందుది ఏదీ లేదు. డిస్కు నిండిన ప్రతిసారీ డీవీఆర్ పాతదాన్ని చెరిపి దాని మీదే కొత్తది రాసుకుంటూ పోయింది.

సెలవుల్లో వసతిగృహంలో ఉన్నది వాచ్‌మన్ ఒక్కడే. పిల్లలు ఆయన్ను చాచా అని పిలిచేవారు. ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి చూపూ ఆయన వైపే మళ్లింది. ఆయనే మా దగ్గరికి వచ్చి, "కెమెరా ఉంది కదా సాబ్, అందులో చూడండి" అన్నాడు. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. మరుసటి నెల ఆయన పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు. లాప్‌టాప్ దొరకలేదు. దొంగను పట్టుకోవడానికే కెమెరా అని అనుకుంటూ ఉంటాం. తప్పు చేయని మనిషి మీద మాట రాకుండా కాపాడేది కూడా అదేనని మాకు అప్పుడు అర్థమైంది.

కెమెరాలు అమర్చిన అబ్బాయిని తిట్టుకుని లాభం లేదు. అతను చెప్పింది ఒక అంచనా. దాన్ని సరిచూసుకోవడానికి కావలసింది ఒక గుణకారం, ఒక భాగహారం. ఏడో తరగతి పిల్లవాడు చేసే లెక్క మేము చేయలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం జరిగే కంప్యూటరు తరగతిలో దీన్నే ఒక పాఠంగా చెప్పాం. కాలనీల సంఘాల వారు, చిన్న బడులు నడిపేవారు కూడా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ముందు రెండు మాటల మధ్య తేడా తెలియాలి: బిట్, బైట్. కంప్యూటరు దాచుకునే సమాచారంలో అతి చిన్న ముక్క బిట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. డిస్కులు, పెన్‌డ్రైవులు, ఫైళ్లు బైట్లలో కొలుస్తారు. ప్రవాహ వేగాన్ని, అంటే ఇంటర్నెట్ వేగాన్నీ వీడియో వేగాన్నీ, బిట్లలో కొలుస్తారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు బిట్‌కు చిన్న 'బి', బైట్‌కు పెద్ద 'బి' వాడతారు. చూడటానికి అంత చిన్న తేడా, లెక్కలో మాత్రం ఎనిమిది రెట్లు. ఇంటికి 100 ఎంబీపీఎస్ నెట్ పెట్టించుకుని, సెకనుకు 12.5 మెగాబైట్లే దిగుతున్నాయని కంపెనీతో గొడవపడే వారిని చూశాం. కంపెనీ ఇస్తానన్నది 100 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. మోసమేమీ లేదు.

ఇక బిట్‌రేటు. వీడియోలో ఒక్కో సెకనుకు ఎన్ని బిట్లు ఖర్చవుతున్నాయో చెప్పేదే బిట్‌రేటు. నల్లా ధార, ఇంటి ముందు సంపు గుర్తుచేసుకోండి. ధార ఎంత లావుందో అది బిట్‌రేటు. నల్లా ఎంతసేపు వచ్చిందో అది వ్యవధి. సంపులో చేరిన నీళ్లు ఫైలు పరిమాణం. ధార తెలిసి, సమయం తెలిస్తే, సంపు మూత తీయకుండానే ఎన్ని నీళ్లున్నాయో చెప్పవచ్చు. వీడియో కూడా అంతే:

బిట్‌రేటును సెకన్లతో గుణించి, ఎనిమిదితో భాగించాలి.

ఒక ఎంబీపీఎస్ వీడియో ఒక నిమిషం నడిస్తే 60 మెగాబిట్లు, అంటే 7.5 మెగాబైట్లు. ఒక గంట నడిస్తే 3600 మెగాబిట్లు, అంటే 450 మెగాబైట్లు. రోజంతా నడిస్తే 10.8 గిగాబైట్లు. ముప్పై రోజులు నడిస్తే 324 గిగాబైట్లు. ఈ నాలుగు అంకెలు ఒకసారి కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే ప్రతిసారీ సెకన్లు లెక్కపెట్టే పని ఉండదు. మా ఆఫీసు గదిలో 7.5, 450, 10.8, 324 అని డీవీఆర్ పక్కనే రాసి పెట్టాం.

ఇప్పుడు మా కెమెరాల సంగతి చూడండి. డీవీఆర్ మెనూలోకి వెళ్లి చూస్తే ఒక్కో కెమెరాకు బిట్‌రేటు 4096 కేబీపీఎస్ అని ఉంది. వెయ్యి కేబీపీఎస్ అంటే ఒక ఎంబీపీఎస్. కాబట్టి ఇది దాదాపు 4 ఎంబీపీఎస్. ఒక కెమెరా రోజుకు 4 ఇంటూ 10.8, అంటే 43.2 జీబీ తింటుంది. ఎనిమిది కెమెరాలు 345.6 జీబీ తింటాయి. డిస్కు 2 టీబీ, అంటే 2000 జీబీ. 2000ను 345.6తో భాగిస్తే 5.8 రోజులు. 4096లోని ఆ మిగులు 96ను కూడా కలిపి చూస్తే ఇంకాస్త తగ్గుతుంది. డీవీఆర్‌లో మేము చూసిన ఐదున్నర రోజులు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమైంది కదా! యంత్రం దాని లెక్క ప్రకారం అది సరిగ్గానే పనిచేసింది. నెల రోజులకు కావలసింది 8 ఇంటూ 4 ఇంటూ 324, అంటే 10,368 జీబీ. పది టీబీలు దాటిన చోట రెండు టీబీలు పెట్టి నిశ్చింతగా పడుకున్నాం.

ఈ ముప్పై అనే అంకె మేము సరదాకు పెట్టుకున్నది కాదు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది వరకు గుమికూడే అవకాశం ఉన్న దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాలు వంటివి సీసీ కెమెరాలు పెట్టుకోవాలని, వాటి రికార్డింగును 30 రోజులు భద్రపరచాలని, పోలీసు ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు ఇవ్వాలని అందులో ఉంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అది కొనసాగింది. 'నేను సైతం' పేరుతో కాలనీల వారి చేత కెమెరాలు పెట్టించే కార్యక్రమాన్ని పోలీసులు నడిపారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే ఎక్కువ. ఈరోజు అదే చోట ప్రతి సందులో ఒక హాస్టలు, ప్రతి హాస్టలు గుమ్మానికి ఒక కెమెరా. కెమెరాలు ఎన్ని ఉన్నాయో అందరూ చెబుతారు. వెనక్కి ఎన్ని రోజులు చూడగలరో అడిగితే చాలామంది తల గోక్కుంటారు. మేమూ గోక్కున్నవాళ్లమే.

ఇక్కడ తరగతిలో ఒక విద్యార్థి మంచి ప్రశ్న అడిగాడు. "సార్, కెమెరా 2 మెగాపిక్సెలా, 5 మెగాపిక్సెలా అన్నది మీ లెక్కలో ఎక్కడా రాలేదు. సెకనుకు ఎన్ని ఫ్రేములో కూడా రాలేదు. మరి అవి అక్కర్లేదా?" అని.

ఫైలు పరిమాణం లెక్కకు అవి అక్కర్లేదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు వేసుకుంటే ఒక్క బొమ్మకే దాదాపు 5 కోట్ల బిట్లు. సెకనుకు 25 బొమ్మలైతే సుమారు 124 కోట్ల బిట్లు, అంటే 1244 ఎంబీపీఎస్. ఏ కుదింపూ లేకుండా దాస్తే నిమిషానికి 9.3 జీబీ అవుతుంది. 2 టీబీ డిస్కు ఒక్క కెమెరాకు నాలుగు గంటలు కూడా రాదు. అందుకే కెమెరాలోని చిప్పు దాన్ని కుదిస్తుంది. కదలని గోడను మళ్లీ మళ్లీ రాయదు, మారిన భాగాన్ని మాత్రమే రాస్తుంది. కంటికి పెద్దగా తెలియని వివరాలను వదిలేస్తుంది. అలా 1244 నుంచి 4కు, అంటే మూడు వందల రెట్లకు పైగా తగ్గిస్తుంది. ఎంతకు తగ్గించాలో చెప్పే ఆజ్ఞే బిట్‌రేటు. "సెకనుకు 4 మెగాబిట్లలో ఎలాగోలా సర్దు" అని మనం చెబితే, చిప్పు అంతలోనే సర్దుతుంది. చుక్కలు పెంచినా ఫ్రేములు పెంచినా ధార లావు మారదు. ఆ ధారలోనే ఎక్కువ మంది పంచుకోవలసి వస్తుంది, అంతే. అందుకే బొమ్మ మసకబారుతుంది, ముఖాల మీద గళ్లు గళ్లుగా కనిపిస్తుంది.

కాబట్టి "ఫ్రేములు 25 నుంచి 12కు తగ్గించాను సార్, ఇప్పుడు రెండింతల రోజులు వస్తాయి" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. బిట్‌రేటును స్థిరంగా 4096 దగ్గరే ఉంచితే ఒక్క రోజు కూడా పెరగదు. ఫ్రేములు తగ్గించి, దానితో పాటు బిట్‌రేటు కూడా తగ్గిస్తేనే రోజులు పెరుగుతాయి. హెచ్.264 నుంచి హెచ్.265కు మార్చినా ఇదే సూత్రం. హెచ్.265 తక్కువ బిట్లలో అదే స్పష్టత ఇవ్వగలదు. కానీ బిట్‌రేటు అంకెను మనం తగ్గించకపోతే డిస్కులో చోటు మిగలదు, బొమ్మ కొంచెం బాగుంటుంది.

పాతతరం వారికి వీసీడీలు గుర్తుండే ఉంటాయి. అబిడ్స్ పేవ్‌మెంట్ల మీద, కోఠిలో సినిమా వీసీడీలు అమ్మేవారు. రెండున్నర గంటల తెలుగు సినిమా ఒక్క డిస్కులో ఎప్పుడూ రాలేదు. రెండో మూడో ఉండేవి, సరిగ్గా పాట మధ్యలో లేచి డిస్కు మార్చాల్సి వచ్చేది. దానికి కారణం కూడా ఈ లెక్కే. పాటల సీడీ సెకనుకు 14,11,200 బిట్ల చొప్పున 74 నిమిషాలు నడిచేలా చేసింది. వీసీడీలో బొమ్మకు 1150 కేబీపీఎస్, ధ్వనికి 224 కేబీపీఎస్ కేటాయించారు. రెండూ కలిపితే 1374 కేబీపీఎస్. అంటే పాటల సీడీ ధారకు కాస్త లోపలే. ధార అంతే కాబట్టి సమయమూ దాదాపు అంతే వచ్చింది. సినిమా ఎంత గొప్పదైనా, ఎన్ని పాటలున్నా, డిస్కుకు ఆ డెబ్బై చిల్లర నిమిషాలే.

మళ్లీ డీవీఆర్ దగ్గరికి వద్దాం. మెనూలో బిట్‌రేటు పక్కన రెండు మాటలు కనిపిస్తాయి: సీబీఆర్, వీబీఆర్. మొదటిది స్థిరం. గేటు ముందు ఊరేగింపు పోయినా, పిల్లి కూడా తిరగకపోయినా ధార ఒకటే. దీనికి మన లెక్క దాదాపు అచ్చంగా సరిపోతుంది. రెండోది మారుతూ ఉంటుంది. కదలిక లేనప్పుడు తక్కువ, ఉన్నప్పుడు ఎక్కువ. మెనూలో రాసిన అంకె దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. ఆ అంకెతో లెక్కవేస్తే రావలసిన వాటికంటే తక్కువ రోజులు వస్తాయి. అంటే మన లెక్క భయపెట్టే వైపు తప్పుతుంది, అదీ మంచిదే. కానీ ఒక జాగ్రత్త ఉంది. రాత్రి ఖాళీ వరండా కాబట్టి బిట్లు తక్కువ ఖర్చవుతాయని అనుకుంటాం. చీకట్లో కెమెరా వెలుతురును బలవంతంగా పెంచుకున్నప్పుడు బొమ్మంతా చీమలు పాకినట్టు సన్నటి చుక్కలు కదులుతుంటాయి. చిప్పు దాన్ని కదలిక అనుకుని బిట్లు పోస్తుంది. మంచి దీపం ఒకటి వెలిగించి ఉంచితే కరెంటు కొంచెం ఖర్చయినా డిస్కు మిగులుతుంది.

వీబీఆర్ ఉన్నప్పుడు నిజమైన సగటు తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. పగలు ఒక గంట, రాత్రి ఒక గంట రికార్డింగును పెన్‌డ్రైవులోకి దించి, ఫైలు ఎంతుందో చూడాలి. దాన్ని 450తో భాగిస్తే ఎంబీపీఎస్ వస్తుంది. మా వెనుక వీధి అపార్ట్‌మెంటు వారికి ఇలాగే చూసిపెట్టాం. మెట్ల దగ్గరి కెమెరాలో ఒక గంట 300 ఎంబీ వచ్చింది. భాగిస్తే 0.67 ఎంబీపీఎస్. గేటు కెమెరాలో సాయంత్రం గంట 1200 ఎంబీ వచ్చింది. అది 2.67. రెండు కెమెరాలకూ హద్దు ఒకటే పెట్టి ఉన్నా, ఖర్చు నాలుగు రెట్లు తేడా. ఒక్క తెల్లవారుజాము గంటను చూసి నెల మొత్తానికి లెక్కగడితే ఎంత తప్పుతామో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

డిస్కు మీద 2 టీబీ అని రాసి ఉండి, కంప్యూటరుకు తగిలిస్తే 1.81 అని చూపిస్తుందని కొందరు కంగారుపడతారు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. బైట్లు అవే. బిట్‌రేటు కూడా వెయ్యి చొప్పునే ఉంటుంది కాబట్టి, డబ్బా మీద రాసిన అంకెతోనే భాగించండి. ఫైళ్ల పట్టికకూ ఇతర అవసరాలకూ కొంత పోతుంది. పదో వంతు పక్కన పెట్టుకుని లెక్కవేయడం మా అలవాటు.

చేతిలో ఉన్న డిస్కును బట్టి బిట్‌రేటు ఎంత పెట్టాలో వెనక్కి కూడా లెక్కవేయవచ్చు. డిస్కు 4 టీబీ అనుకుందాం. పదో వంతు తీసేస్తే 3600 జీబీ. 30 రోజులకు 324తో భాగిస్తే 11.1. అంటే అన్ని కెమెరాలకూ కలిపి 11.1 ఎంబీపీఎస్ మించకూడదు. ఎనిమిది కెమెరాలకు సమానంగా పంచితే తలా 1.39. కానీ సమానంగా ఎందుకు పంచాలి? గేటు దగ్గర ముఖం గుర్తుపట్టాలి, బండి నంబరు చదవాలి. వరండాలో ఎవరు ఎటు వెళ్లారో తెలిస్తే చాలు. పెళ్లిలో అందరికీ ఒకే గరిటెతో వడ్డించినట్టు అన్ని కెమెరాలకూ 4096 కొట్టడం సోమరితనం తప్ప మరేమీ కాదు.

మేము చివరికి చేసింది ఇది. గేటు కెమెరాలు రెండింటికీ 3072 కేబీపీఎస్, మిగతా ఆరింటికీ 1024 కేబీపీఎస్ స్థిరంగా పెట్టించాం. హెచ్.265కు మార్చాం. వరండాల్లో ఫ్రేములు 12కు తగ్గించాం, తక్కువ బిట్లలో బొమ్మ చెదరకుండా ఉండటానికి. మొత్తం ధార సుమారు 12 ఎంబీపీఎస్. రోజుకు 129.6 జీబీ. 30 రోజులకు 3888 జీబీ. 4 టీబీ డిస్కు అంచులకు తగులుతుంది, పదో వంతు తీస్తే చాలదు. అందుకని 6 టీబీ తీసుకున్నాం. పదో వంతు తీసేసినా 5400ను 129.6తో భాగిస్తే 41 రోజులు దాటుతాయి. సాధారణ కంప్యూటరు డిస్కు కాకుండా, రాత్రింబవళ్లు రాస్తూ ఉండటానికి తయారుచేసిన సీసీటీవీ డిస్కునే కొన్నాం. మైకు పెట్టలేదు. పిల్లల మాటలు రికార్డు చేయడం మాకు ఇష్టం లేదు. గదుల్లోకీ స్నానాల గదుల వైపూ ఏ కెమెరా చూడదు.

ఫుటేజీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు మరో చిక్కు వస్తుంది. పెన్‌డ్రైవులో 28 జీబీ ఖాళీ ఉంటుంది, కాపీ చేయబోతే "ఫైలు మరీ పెద్దది" అంటుంది. చాలా పెన్‌డ్రైవులు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. కచ్చితంగా చెప్పాలంటే 4,29,49,67,295 బైట్లు. 4 ఎంబీపీఎస్ వీడియో గంటకు 1.8 జీబీ కాబట్టి రెండు గంటల ఇరవై మూడు నిమిషాల దగ్గర ఈ గోడ తగులుతుంది. అంతకంటే పొడవైనదాన్ని ముక్కలుగా దించుకోవాలి. లేదా పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చాలి. మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా పోతుంది, ముందే వేరే చోట దాచుకోండి.

ఇదే పాఠాన్ని మా దగ్గర చదువు చెప్పే యువకులు మరో పనికి వాడుకున్నారు. 2020 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చినప్పటి నుంచీ వీడియో పాఠం మన ఇళ్లకు అలవాటైంది. మా వాళ్లు కూడా పదో తరగతి లెక్కల పాఠాలు రికార్డు చేసి లింకులు పంపేవారు. బోరబండ నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం పాఠాలు చూడటం లేదు. అడిగితే, "ఒక్క పాఠం దించుకుంటే డేటా అయిపోతోంది సార్, అన్నయ్య డెలివరీ పనికి అదే ఫోను కావాలి" అంది. పాఠం నలభై నిమిషాలు, వీడియో 5 ఎంబీపీఎస్. 5 ఇంటూ 7.5 ఇంటూ 40, అంటే 1500 ఎంబీ. వాళ్ల ప్యాకులో రోజుకు 1.5 జీబీ. ఒక్క పాఠానికి ఆ ఇంటి రోజు డేటా మొత్తం సరిగ్గా సరిపోతోంది!

పాఠంలో ఉన్నది తెల్లకాగితం మీద లెక్కలు, మాస్టారి గొంతు. దానికి 5 ఎంబీపీఎస్ ఎందుకు? హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సగటు బిట్‌రేటు 500 కేబీపీఎస్ అని, ధ్వని 64 కేబీపీఎస్ అని ఇచ్చి మళ్లీ తయారుచేశారు. మొత్తం 564 కేబీపీఎస్. నలభై నిమిషాలకు 169 ఎంబీ. అంకెలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. గొంతు మాత్రమే కావాలంటే 64 కేబీపీఎస్ చొప్పున 19 ఎంబీ చాలు, బస్సులో వింటూ పోవచ్చు. ధ్వనిని లెక్కలో కలపడం కొందరు మరిచిపోతారు. పెద్ద వీడియోలో అది తెలియదు గానీ, ఇలాంటి చిన్నదాంట్లో తొమ్మిదో వంతు అదే.

ఫోనులో తీసేవారికి కూడా ఇదే కొలత. చాలా ఐఫోన్ల సెట్టింగ్స్‌లో ఫుల్ హెచ్‌డీ నిమిషానికి సుమారు 60 ఎంబీ అని, 4కే అయితే సుమారు 170 ఎంబీ అని ఉంటుంది. 7.5తో భాగిస్తే 8, 22 చిల్లర ఎంబీపీఎస్. రెండు గంటల సభను 4కేలో తీస్తే ఇరవై జీబీ దాటుతుంది. సభ మొదలయ్యే ముందే ఫోనులో ఎంత చోటుందో చూసుకుంటే, ముఖ్య అతిథి మాట్లాడుతుండగా "స్టోరేజ్ నిండింది" అన్న మాట కనిపించదు. పైకి ఎక్కించే సమయానికి ఒక చిట్కా: వీడియో 8 ఎంబీపీఎస్, మీ అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ అయితే వీడియో వ్యవధిలో పదింట ఎనిమిది వంతుల సమయం పడుతుంది. నలభై నిమిషాల పాఠానికి ముప్పై రెండు నిమిషాలు.

తరగతిలో ఇచ్చిన ఒక లెక్క ఇక్కడ కూడా ఇస్తున్నాం. ఒక చిన్న బడిలో నాలుగు కెమెరాలు, ఒక్కోటి 3 ఎంబీపీఎస్, డిస్కు 2 టీబీ. ఎన్ని రోజులు వస్తాయి? నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు ఇంటూ 10.8 అంటే రోజుకు 129.6 జీబీ. 2000ను భాగిస్తే పదిహేను రోజులు కొంచెం దాటుతుంది. ముప్పైలో సగం. మరి 30 రోజులు కావాలంటే డిస్కు మార్చాలా, బిట్‌రేటు మార్చాలా, రెండూ కొంచెం కొంచెం మార్చాలా అన్నది ఆ బడి వారు గేటు దగ్గర నిలబడి, ఏ కెమెరా ఏం చూడాలో చూసుకుని తేల్చుకోవాలి. కాగితం మీద తేలేది సగమే.

లెక్క సరిగ్గా వేసినంత మాత్రాన డిస్కు పాడవకుండా ఉండదు, కరెంటు పోయి డీవీఆర్ గడియారం తప్పకుండా ఉండదు. అందుకని ప్రతి నెలా 1వ తేదీన ఆఫీసు బాధ్యుల్లో ఒకరు డీవీఆర్ తెరిచి, అన్నిటికంటే పాత రికార్డింగు ఏ తేదీదో చూసి రిజిస్టరులో రాసి సంతకం పెడుతున్నారు. రెండు నిమిషాల పని. కిందటి 1వ తేదీన రాసిన అంకె: 43 రోజులు.